శిరివెళ్లకు పంపిన మిషన్

సుగుణా, నా బిడ్డా,

నువ్వు పోయి నేటికి ఏడాది. వానకు నీ సమాధి కుంగుతుందేమోనని పొద్దున్నే పోయి చూసి వచ్చాను. అంతకన్నా పెద్ద భయం నీ కూతురు రూతు గురించి. దానికీ నీలాగే ముఖం ఉబ్బుతోంది, కూర్చున్నచోటే నిద్రపోతోంది. అందుకే పోయిన నెల ఆళ్లగడ్డకు, నీకు థైరాయిడ్ పరీక్ష చేసిన ల్యాబుకే తీసుకుపోయాను.

అక్కడికి కొత్త మిషన్ వచ్చింది. అది సరిగ్గా చెబుతోందో లేదో తెలుసుకోవడానికి ఒకే రక్తాన్ని పాతదాంట్లో, కొత్తదాంట్లో పెట్టి చూస్తున్నారు. రూతు రక్తం చూసి పాతది ఏమీ లేదంది. కొత్తది జబ్బు ముదిరిందంది.

"ఏది నిజమప్పా?" అని ల్యాబు అతన్ని అడిగాను.

"కొత్తదే అవ్వా. నంద్యాల పెద్ద ల్యాబుకు గూడా పంపి చూసినాం. పాతది ఎప్పట్నుంచో తప్పే చెప్తాండాది," అని నవ్వాడు.

నీకు ఏ జబ్బూ లేదని చెప్పింది ఆ పాతదే. ఆ మాట పట్టుకునే నీ మొగుడు నిన్ను సోమరిదని తిట్టి, చివరిదాకా చేనికి తరిమాడు.

"దాన్ని పారేస్తారా నాయనా?"

"పారేసేదేంది, నడుస్తాంది గదా! శిరివెళ్లలో ఇంకో ల్యాబు పెడతాండాం. ఆడికి పంపిస్తాం."

డాక్టరు రాసిన మాత్రలు కొనిచ్చి రూతును వాళ్ల నాయన దగ్గరికి పంపాను. ఇందాక నీ మొగుడు ఫోన్ చేశాడు. మా మాట నమ్మక, ఊరికి దగ్గరని రూతును శిరివెళ్లలో మళ్లీ పరీక్ష చేయించాడట.

"దానికేం రోగం లేదంట అత్తా. అన్నీ తల్లి ఏషాలే. నువ్విచ్చిన మాత్రలు పారేసినా."

"రూతు యాడుందప్పా?"

"యాడుంటాది? మిరపచేన్లో కాయలు కోస్తాంది."