గీతిక పెళ్ళికి నలభై రెండు మంది

జంగారెడ్డిగూడెం,
జనవరి 3.

చి. ల. సౌ. నాగదుర్గకు చిన్నత్త శ్యామలాంబ దీవిస్తూ, కొంచెం కోపంగానే రాసేది:

నిన్న పోస్టులో శుభలేఖ వచ్చింది. చి. ల. సౌ. గీతికను చి. సాయికిరణ్‌కిచ్చి ఫిబ్రవరి 22 ఆదివారం ఉదయం పదిన్నరకు తణుకులో పెళ్ళి చేస్తున్నారట. కింద ‘ఆహ్వానించువారు: నాగదుర్గ’ అని ఉంది. సంతోషమే. కానీ మీ ఆయన భాస్కరానికి నేను సొంత పిన్నిని. నుదుట బొట్టు పెట్టి పిలవాల్సిన మనిషికి కవరు మీద స్టాంపు అంటించి పంపిస్తావా?

ఇంకో సంగతి. మీకున్నది ఒక్క మగపిల్లాడు. ఈ గీతిక ఎవరు? పదకొండేళ్ళ నుంచి నువ్వు మా ఇళ్ళకి రావడం మానేశావు. దుర్గాశ్రీ ఓణీలకి రాలేదు, రామకృష్ణ గృహప్రవేశానికి రాలేదు, అచ్చిబాబు షష్టిపూర్తికి రాలేదు. ఎప్పుడడిగినా “రాసుకుంటున్నానండి అత్తయ్యా” అన్నావు. అంటే ఇన్నాళ్ళూ ఇంట్లో ఆడపిల్లని పెంచుతూ మా దగ్గర దాచావన్నమాట.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో నాకు సగమే వినబడుతుంది. ఆ సగమూ నాకు నచ్చదు. ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
శ్యామలాంబ

తా.క.: ముహూర్తం మా పంతులుగారికి చూపించాను. దివ్యంగా ఉందన్నారు. ఎవరు పెట్టారు?


తణుకు,
జనవరి 7.

పూజ్యులైన చిన్నత్తయ్యగారికి నాగదుర్గ నమస్కరించి విన్నవించుకునేది:

మీ ఉత్తరం చదివి మీ అబ్బాయి భోజనం మధ్యలో లేచి వెళ్ళి వరండాలో నవ్వుకున్నారు. అత్తయ్యా, గీతిక అనే పిల్ల మా ఇంట్లో లేదు. నా నవలలో ఉంది. నేను పదకొండేళ్ళుగా ‘పాయ అవతలి వాళ్ళు’ అని ఐదు భాగాల నవల రాస్తున్నాను. గోదావరి పాయ దాటితే వచ్చే ఒక లంక ఊరి కథ. నాలుగు భాగాలు అచ్చయ్యాయి. ఐదో భాగంలో గీతిక పెళ్ళితో కథ ముగుస్తుంది. ఆ పుస్తకం ఆవిష్కరణ రోజు ఫిబ్రవరి 22. “పిలుపు శుభలేఖలాగా వేద్దామండి, జనం దాచుకుంటారు” అని రాజమండ్రిలో పుస్తకం వేసే వీరవెంకటసత్యనారాయణగారు సలహా ఇచ్చారు. ఆవిష్కరణ సంగతి కార్డు కింద చిన్న అక్షరాల్లో ఉంది, చూడండి.

నా పద్ధతి మీకు తెలుసు కదా. పచ్చడి జాడీల మీద తేదీలు రాసినట్టే దీనికీ తొమ్మిది నోటుబుక్కులు పెట్టాను. ఎవరు ఏ ఏడు పుట్టారు, ఎవరింటి గుమ్మం ఎటు చూస్తుంది, ఏ గేదె ఎప్పుడు ఈనింది, అన్నీ రాసుకున్నాను. ఇంతవరకు ఒక్క తప్పు దొర్లలేదు. పెళ్ళి అధ్యాయం ఒక్కటే కుదరడం లేదు. పెళ్ళికి పది రోజుల ముందు గీతిక నాయనమ్మ మాణిక్యాంబ పోవాలి. అది ఎలా రాయాలో తెలియక ఆగిపోయాను.

ఎవరింటికీ రాలేకపోయిన మాట నిజం. ఆ తప్పు నాకు తెలుసు. అందుకే సభకు మనవాళ్ళు వస్తారన్న ఆశ పెట్టుకోలేదు. కల్యాణ మండపం కింద ఉన్న చిన్న హాలు తీసుకుని అరవై కుర్చీలు చెప్పాను. నలభై ఖాళీగా ఉంటాయని మనసుకు చెప్పుకుంటున్నాను.

మీ కోడలు,
నాగదుర్గ

తా.క.: పెళ్ళికొడుకు సాయికిరణ్ కూడా నవలలోని వాడే. దయచేసి అతని ఉద్యోగం గురించి వాకబు చెయ్యకండి.


జంగారెడ్డిగూడెం,
జనవరి 12.

చి. ల. సౌ. నాగదుర్గకు చిన్నత్త దీవెనలు.

పెళ్ళికూతురు లేదు, పెళ్ళికొడుకు లేడు, ముహూర్తం మాత్రం ఉందంటే ఎవరు నమ్ముతారమ్మా? మా జీడితోటలో కాపలా ఉండే విజయ్ పాల్ కూడా నమ్మలేదు. ఖర్చవుతుందని చుట్టాల్ని రావద్దనడానికి ఎన్నో దారులు విన్నాను కానీ, పిల్లే లేదనడం ఇదే మొదటిసారి.

అది అలా ఉంచు. ఆ మాణిక్యాంబగారి సంగతేంటి? పది రోజుల ముందు పోతుందని నీకు ఇప్పుడే ఎలా తెలుసు? డాక్టరు చెప్పాడా? “పోవాలి” అని రాశావు. పోవాలేంటి? పెద్దావిడకి సరిగ్గా అన్నం పెడుతున్నారా లేదా? రాజమండ్రిలో మంచి ఆస్పత్రులు ఉన్నాయి, కారు పెట్టుకుని తీసుకెళ్ళండి. నీ ఉత్తరం చింపకుండా దాచాను. రేపేదైనా జరిగితే పోలీసులకి చూపించాల్సి వస్తుందేమోనని.

పిల్లకి చీర తీశాను. ముదురాకుపచ్చ పట్టు, మామిడిపండు రంగు అంచు. జాకెట్టు కుట్టించాలి. కొలతకి దాని ఆది జాకెట్టు ఒకటి పంపు.

ఆశీస్సులతో,
శ్యామలాంబ

తా.క.: పిల్లది ఎడమ చేతివాటం కదా, తలంబ్రాలు పొయ్యడం ముందే అలవాటు చేయించు. పీటల మీద నవ్వులపాలు కాకూడదు.


తణుకు,
జనవరి 18.

పూజ్యులైన చిన్నత్తయ్యగారికి నమస్కారాలు.

నాలుగు కాగితాలు రాసి చింపి ఈ ఐదోది పంపుతున్నాను. అత్తయ్యా, మాణిక్యాంబగారు కూడా మనిషి కాదు. అంటే మంచి మనిషే, కానీ కాగితం మీద మనిషి. పోలీసుల దాకా వెళ్ళకండి.

అయినా మీకు ఒక విషయంలో దణ్ణం పెట్టాలి. మీ ఉత్తరం చదివాక మళ్ళీ రాయడానికి కూర్చున్నాను. పెద్దావిడని చంపగానే పెళ్ళివారింట్లో పొయ్యి ఆరిపోయింది. బియ్యం కడిగేవాళ్ళు కూడా లేరు. “పోవాలేంటి?” అన్న మీ మాట చెవిలో మోగుతూనే ఉంది. చివరికి ఆవిణ్ణి మంచం మీద లేపి కూర్చోబెట్టాను. ఆవిడ లేవగానే “పందిరి గుంజ వంకరగా పాతారేంట్రా?” అని కేకేసింది. అంతే, మూడు నెలలుగా కదలని అధ్యాయం మూడు రోజుల్లో పూర్తయింది. నవల అయిపోయింది అత్తయ్యా. చివరి మాట రాసి కలం మూత పెట్టాక ఏం చెయ్యాలో తెలియక పప్పుల డబ్బాలన్నీ దించి కడిగాను.

ఇక జాకెట్టు. గీతికకు జాకెట్లు లేవంటే మీరు ఇంకోలా అనుకుంటారు. నా పాత ఆది జాకెట్టు పంపుతున్నాను. దానితో సరిపెట్టండి.

మీ కోడలు,
నాగదుర్గ

తా.క.: మాణిక్యాంబగారికి ఆయాసం పూర్తిగా తగ్గింది. నిన్న రెండు బూరెలు తిన్నారు. (ఇది నవలలో సంగతి.)


జంగారెడ్డిగూడెం,
ఫిబ్రవరి 9.

చి. ల. సౌ. నాగదుర్గకు చిన్నత్త దీవించి రాసేది:

మాణిక్యాంబగారు కోలుకున్నందుకు మా ఇంటి దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. జాకెట్టు కుట్టు అయింది.

బస్సు మాట్లాడాను. నలభై రెండు మందిమి వస్తున్నాం. అచ్చిబాబు, రామకృష్ణ, దుర్గాశ్రీ, వాళ్ళ అత్తగారి వైపు వాళ్ళు కూడా. “పదకొండేళ్ళు కనబడని మనిషి పెళ్ళి చేస్తుందంటే వెళ్ళి చూడాలి” అని అందరూ ఒకటే మాట. పనసపొట్టు కూర తప్పకుండా పెట్టించు. అచ్చిబాబుకి షుగరు, అతనికి బూరె ఒకటే వెయ్యమను. రెండోది తనే అడిగి తింటాడు.

ఆశీస్సులతో,
శ్యామలాంబ

తా.క.: ముందు వరసలో నాకూ మాణిక్యాంబగారికీ పక్కపక్కనే రెండు కుర్చీలు వేయించు. ఆవిడతో మాట్లాడాల్సింది చాలా ఉంది.


తణుకు,
ఫిబ్రవరి 13.

చిన్నత్తయ్యగారికి,

దయచేసి బస్సు ఆపండి. ఇక్కడ టీ, బిస్కెట్లు మాత్రమే చెప్పాం. పెళ్ళి చూడ్డానికి వచ్చినవాళ్ళు పుస్తకం చూసి తిట్టుకుంటూ తిరిగి వెళితే నేను మళ్ళీ మీ ఎవరి గుమ్మమూ ఎక్కలేను.

మీ
నాగదుర్గ

తా.క.: బస్సు ఆగదని మీ అబ్బాయి అంటున్నారు. “మా పిన్ని మాటిచ్చిందంటే డ్రైవరు లేకపోయినా బస్సు కదుల్తుంది” అని వంటవాళ్ళకి చెప్పేశారు. పనసపొట్టు కూర ఉంది.


తణుకు,
ఫిబ్రవరి 24.

పూజ్యులైన చిన్నత్తయ్యగారికి పాదాభివందనాలతో:

ఆదివారం మీ బస్సు ఆగినప్పుడు నేను హాలు తలుపు వెనక నిలబడి ఉన్నాను. నలభై రెండు మందీ పట్టుబట్టల్లో, పళ్ళేల్లో పసుపు కుంకుమలు, పళ్ళు పట్టుకుని దిగారు. మీరు నేరుగా వేదిక దగ్గరికి వెళ్ళి “పెళ్ళికూతురేదయ్యా?” అని అడిగారు. పాపం సత్యనారాయణగారు పసుపు దారం కట్టిన పుస్తకాల దొంతర చూపించారు. మీరు తడుముకోకుండా పై పుస్తకానికి పసుపు రాసి బొట్టు పెట్టారు.

“అమ్మా, కొత్త అట్టండి, పాడైపోతుందండి!” అని ఆయన.

“పసుపు రాయకుండా పీటల మీద కూర్చోబెడతావేంటయ్యా? మీ ఇంటి పిల్లకైతే ఇలాగే చేస్తావా?” అని మీరు.

ఆ తర్వాత హాలంతా నవ్వింది. ఎవరూ తిట్టలేదు. నేను పెళ్ళి అధ్యాయం చదువుతుంటే మనవాళ్ళు నిజంగానే అక్షింతలు వేశారు. అరవై కుర్చీలు చాలక పై మండపం నుంచి ఇంకో ముప్ఫై తెప్పించారు. అచ్చిబాబుగారు బూరెలు నాలుగు తిన్నారు, ఇది కూడా నోటుబుక్కులో ఎక్కించాను. వెళ్ళేటప్పుడు దుర్గాశ్రీ నన్ను పట్టుకుని “ఇకనైనా మా ఇంటికి వస్తావా పిన్నీ?” అంది. వచ్చే వారం వెళ్తున్నాను.

రాయడం ఒక్కదాన్నే చేశాననుకున్నాను. ముగించడం మాత్రం మీరందరూ వచ్చి చేయించారు. ఈ రుణం తీరదు.

మీరు గీతికకు పెట్టిన చీర పొట్లం విప్పకుండా ఐదు పుస్తకాల పక్కన బీరువాలో భద్రంగా పెట్టాను.

మీ కోడలు,
నాగదుర్గ

తా.క.: మాణిక్యాంబగారి కోసం మీరు వేయించిన కుర్చీ చివరిదాకా ఖాళీగానే ఉంది. ఎవరినీ కూర్చోనివ్వలేదు మీరు. నాకు జాలేసింది.


జంగారెడ్డిగూడెం,
మార్చి 1.

చి. ల. సౌ. నాగదుర్గకు చిన్నత్త మనసారా దీవించి రాసేది:

ఇక నిజం చెప్తాను. కోప్పడకు.

నీ పుస్తకాలు నేను మొదటి నుంచీ చదువుతున్నాను. ఒక్కో భాగం అచ్చవ్వగానే భాస్కరం నాకు పంపేవాడు. నీకు చెప్పొద్దన్నాను. చెప్తే నాకు నచ్చేటట్టు రాస్తావని భయం. నోటుబుక్కుల్లో గేదెల ఈతలు రాసుకుంటావు కానీ, గీతికది ఎడమ చేతివాటమని నాకెలా తెలిసిందో ఒక్కసారైనా ఆలోచించావా? అన్నట్టు నీ నవలలో గంగి అనే గేదె మూడో భాగం చివర ఈనింది, నాలుగో భాగంలో మళ్ళీ ఈనింది. మధ్యలో గడిచింది నాలుగు నెలలే. అదే గేదెతో మా ఊళ్ళో డెయిరీ పెట్టాలని ఉంది.

జనవరి మొదట్లో భాస్కరం ఫోన్ చేశాడు. ఆ రోజు బాగానే వినబడింది. “పదకొండేళ్ళ పని అయిపోతోంది పిన్నీ, సభకి మనవాళ్ళొక్కరూ రారని లోపల లోపలే కుమిలిపోతోంది” అన్నాడు. నాకు మనవాళ్ళ సంగతి తెలుసు. పుస్తకావిష్కరణ అంటే ఒక్కడూ గేటు దాటడు. పెళ్ళంటే బస్సు చాలదు. అందుకని చిన్న అక్షరాలు నాకు కనబడలేదు. బస్సు తణుకులో ఆగేదాకా ఎవరికీ నిజం చెప్పలేదు. దిగేముందు చెప్పాను. “బోయినం ఉందా లేదా?” అని అచ్చిబాబు అడిగాడు. ఉందన్నాను. అందరూ దిగారు.

ఇక మాణిక్యాంబ. బొడ్లో తాళాలగుత్తి, ఎవరైనా అబద్ధమాడితే ముక్కుపుడక తిప్పుకోవడం, పందిరి గుంజ వంకరగా ఉంటే కేకెయ్యడం. అమ్మాయ్, నన్ను తీసుకెళ్ళి లంకలో పెట్టి, పెళ్ళికి పది రోజుల ముందు చంపుతానంటే చూస్తూ ఊరుకుంటానా? ఆ కుర్చీ ఖాళీగా ఉందని జాలిపడకు. మేమిద్దరం ఒక్క కుర్చీలోనే కూర్చున్నాం.

నన్ను బతికించినందుకు సంతోషం.

నీ చిన్నత్త,
శ్యామలాంబ

తా.క.: చీర బీరువాలోంచి తియ్యి. ఆడపిల్ల పెళ్ళి చేసే తల్లికి పుట్టింటి నుంచి చీర రావాలి. నీకు పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు, అందుకని నేను తెచ్చాను. జాకెట్టు నీ కొలతకే కుట్టించాను, కాగితం మీది పిల్లకి జాకెట్టెందుకే? కట్టుకుని దుర్గాశ్రీ ఇంటికి వెళ్ళు.