ఎండాల్సిన సాళ్లు

ఈరక్కకు,

నిన్న మీ చేలో ఊరందరి ముందు మిమ్మల్ని కసిరాను. అందుకని ఈ ఉత్తరాన్ని మీ కోడలు శివలీలతో ఊరందరి ముందే చదివించండి.

వాన మొహం చాటేస్తే ఏ కొర్ర రకం తట్టుకుంటుందో చూడటానికి మీ చేలో ఒక్కో రకాన్ని కొన్ని సాళ్లలో విత్తించాం. నీళ్లు పోయకూడదని చెప్పాం. కొన్ని సాళ్లు ఎండిపోతాయనీ, అవి ఎండితేనే మాకు తేడా తెలుస్తుందనీ మాత్రం మీకెవరూ చెప్పలేదు. మీరు ఆ సాళ్లకు బిందెలతో నీళ్లు మోసి పోశారు. పరీక్షంతా పాడైందని నేను అరిస్తే, "కండ్ల ముందర ఎండిపోతాంటే ఎట్ల సూస్తా ఉండేదమ్మా" అన్నారు. ఆ మాటకు ఉక్రోషం వచ్చి, మీ గట్టున మేం పాతిన పరిశోధన బోర్డు పీకించి జీపులో వేయించాను.

ఈ పరిశోధనలో నాలుగు సంస్థలున్నాయి. అన్నిటికీ పెద్దను నేనే. బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలో రెండు మీటింగుల్లో వాదించుకున్నాం. రైతుకు ఏం చెప్పాలో ఒక్కదాంట్లోనూ మాట్లాడుకోలేదు.

కర్నూలు చేరాక బోర్డును జీపులోంచి దించుతూ మొదటిసారి పూర్తిగా చదివాను. చేను ఎవరిదో అందులో ఎక్కడా లేదు, ఈరక్కా.

మీ చేలో అరిచిన
మేడం