పుండుకి కత్తి పెట్టొద్దు

తేదీ పద్నాలుగు, మంగళవారం
పొద్దున, కొట్టు తెరవక ముందు

తమ్ముడికి,

అన్నయ్య దీవెనలు. అందరం క్షేమం అని రాయడం పద్ధతి. నా ఎడమ కాలు తప్ప ఇక్కడ అందరం క్షేమమే. మీ వదినకి వేళ్ళ కీళ్ళ వాపు అలాగే ఉంది, నోరు మాత్రం చక్కగా పనిచేస్తోంది. నువ్వూ మరదలూ బాగున్నారని తలుస్తాను.

నాలుగేళ్ళ తర్వాత ఈ ఉత్తరం ఏమిటా అనుకుంటావు. బతిమాలడానికి రాయడం లేదు. కొట్టుకి బ్లేళ్ళూ సబ్బులూ వేసే మనిషి మొన్న వచ్చాడు. నీ చీలమండ పైన చర్మం నల్లబడి దురద పెడుతోందట కదా. నాకూ అలాగే మొదలైంది. నాన్న ఆస్తి ఇవ్వకపోయినా పిక్కల మీద ఆ ఉబ్బిన నరాలు మాత్రం ఇద్దరికీ సమంగా పంచి పోయాడు. నేను చేసిన తప్పు నువ్వు చేయకు. అంతే.

తప్పు ఏమిటంటే, చీలమండ లోపలి వైపు గోరంత పుండు లేచింది. గడ్డం గీసేటప్పుడు తెగితే మనం ఏం చేస్తాం? పటిక రాస్తాం. అదే రాశాను. మండింది. మండితే పనిచేస్తోందనుకుని పైన లోషన్ కూడా కొట్టాను. అంచులు తెల్లగా నాని లేచాయి. అంచు వంకరగా కనిపిస్తే మన చెయ్యి ఊరుకోదు కదా. కొత్త బ్లేడు వేసి చుట్టూ చదును చేశాను. నెల తిరిగేసరికి అరచేతిలో సగమైంది. ఆస్పత్రిలో కట్లు కట్టే నర్సమ్మ చూసి, ఏం తాతా, దీనికి కూడా క్రాపు చేశావా అంది. మీ వదిన పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

డాక్టరమ్మ చెప్పిందేమిటంటే, పుండు పుట్టింది చర్మంలో కాదు, నరంలో. పైకి ఎక్కాల్సిన చెడు రక్తం, నరం లోపలి తలుపులు పాడై, కిందికే జారి నిలవ ఉండిపోతోంది. గోడ లోపల గొట్టం కారుతుంటే పైన ఎంత సున్నం కొడితే ఏం లాభం? తేనె, వెండి కలిపిన దూది అని ఏవేవో అమ్ముతారు, మామూలు దూది కంటే ఎక్కువ మానుస్తాయని రుజువు లేదంది. చీము పట్టి జ్వరం వస్తే తప్ప మాత్రలు కూడా దండగేనట.

మరేం చేస్తావో త్వరగా చెప్పమ్మా, కొట్టు మూసి వచ్చాను అన్నాను. ముందు చేతికీ కాలికీ పట్టీ వేసి రక్తపోటు కొలిచింది. కాలికి దిగే మంచి రక్తం తక్కువగా ఉంటే బిగించి కట్టడం ప్రమాదమట. ఈ పరీక్ష చేయకుండా ఎవరైనా నీ కాలు బిగిస్తానంటే లేచి వచ్చెయ్.

నాది కట్టొచ్చు అని తేలింది. నాలుగు పొరల కట్టు. వేళ్ళ మొదలు నుంచి మోకాలి కింద దాకా, చీలమండ దగ్గర ఎక్కువ బిగువు, పైకి పోయేకొద్దీ తక్కువ. బిగువు తెలిసిన చెయ్యే కట్టాలి, ముడత పడితే అక్కడ ఇంకో పుండు. అది వద్దంటే బిగుతు మేజోళ్ళు, రెండు, ఒకదాని మీద ఒకటి. అవీ కట్టుతో సమానంగా మానుస్తాయి, స్నానానికి విప్పుకోవచ్చు. ఒకసారి తొడిగి చూశాం. నాకు పొట్ట అడ్డం, మీ వదిన వేళ్ళకి పట్టు లేదు. అరగంట లాగితే మేజోడు సగం ఎక్కింది, నా ప్రాణం సగం దిగింది.

తొడ మీది చర్మం తీసి అతికే పద్ధతి కూడా ఉంది. కత్తి పని కాబట్టి అది నాకు నచ్చింది. డాక్టరమ్మకి నచ్చలేదు. నరం బాగు చేయకుండా అతుకు వేస్తే ఆ కొత్త చర్మమూ అదే తడిలో పాడవుతుంది, ఎంతకీ మానని పెద్ద పుళ్ళకి చివర్లో చూస్తాం అంది. అసలు పని నరానిదే. సన్నటి తీగ దూర్చి చెడ్డ నరాన్ని లోపలే కాల్చి మూసేస్తారు. మత్తు కాలికే, సాయంత్రానికి ఇంటికి. రక్తం మంచి నరాల దారి పడుతుంది. ముందే చేయిస్తే పుండు త్వరగా మానుతుంది, తిరగబెట్టడం తగ్గుతుంది. కాల్చాక ఇంక కట్టెందుకు అన్నాను. గడ్డం గీశాక ముఖం తుడవకుండా పంపిస్తారా అంది.

అయినా మొదట కట్టొక్కటే చాలన్నాను. రెండు వారాలు బాగా మానింది. మూడో వారం ఆదివారం, కొట్టు నిండా జనం, కాలు పట్టేస్తోంది. జుట్టు కత్తెరతో కట్టుని నిలువునా కత్తిరించి పారేశాను. సాయంత్రానికి కాలు గుమ్మడికాయ. మానినదంతా మళ్ళీ విచ్చుకుంది. ఇలాగే ఉంటే కొట్టుకి తాళమే, పుండు మానితేనే పని అని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది.

కాబట్టి తేల్చుకున్నాను. నరం కాల్పించుకుంటాను. కట్టు ఉంచుకుంటాను. మానాక బతికినంత కాలం మేజోడు వేసుకుంటాను. ఈ కాలు మానాల్సిందే. చేతిలో దువ్వెన ఉండగా నేను కొట్టు మూయను.

ఇంకో మాట. నడిస్తే కాలికి మంచిదట, కాలెత్తి పడుకుంటే మంచిదట, కదలకుండా నిలబడితేనే పగట. నాలుగేళ్ళ కిందట కూర్చుని పనిచేద్దామని నువ్వు తెచ్చిన చక్రాల స్టూలుని నలుగురి ముందు వీధిలోకి తన్నాను. కూర్చుని కత్తిరించేవాడికి కొట్టెందుకు, అరుగు చాలు అన్నాను. నువ్వు స్టూలు తీసుకుని వెళ్ళిపోయావు. ఆ మాట నాది తప్పు. మొన్న నేనూ అలాంటిదే కొన్నాను. లెక్కల మాస్టారు కుర్చీలో కూర్చుని, ఏమయ్యా, ఇంత పొట్టివాడివయ్యావేం అన్నాడు. ఈ ఎత్తులో నీ చెవుల్లో వెంట్రుకలు బాగా కనిపిస్తున్నాయిలే అన్నాను.

మరదలికి మా దీవెనలు చెప్పు.

ఇంకా రెండు కాళ్ళ మీదే ఉన్న
నీ అన్నయ్య

తా.క. నీ కాలి సంగతి సబ్బుల మనిషి చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు, నేనే అల్లాను. ఊరికే రాయడానికి మనసొప్పలేదు. నరం కాల్చాక వారానికి రెండు కట్లు మార్చాలి. ఒకటి నర్సమ్మ కడుతుంది, రెండోది ఇంటి మనిషి నేర్చుకుని కట్టాలి. కట్టు కత్తిరించినవాడివి, నీ ఒక్కడి మాట నమ్మి నరం కాల్చే తేదీ ఇవ్వను అంది డాక్టరమ్మ. చెయ్యి తిరిగిన మనిషి ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఉన్నాడన్నాను. నీ పేరు రాయించాను. నిన్ను అడగలేదు. శుక్రవారం పది గంటలకు ఆస్పత్రిలో నర్సమ్మ నేర్పుతుంది. నీకు ఇష్టం లేకపోతే పేరు కొట్టేయించుకో. దానికైనా నువ్వే రావాలట.