టీవీ పోయింది, గార్డు క్షేమం

తమ్ముడూ,

పిడుగులకు టీవీ కాలిపోకుండా నువ్వు తెచ్చి బిగించిన స్పైక్ గార్డు ఎలా ఉందని అడిగావు. కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. టీవీయే పోయింది.

తప్పు నీ పనితనానిది కాదు, మీ బావది. మబ్బు పట్టి ఉరిమితే చాలు, ఆయన ముందు ఆ గార్డును ఊడబీకి, తువ్వాల్లో చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేస్తారట. టీవీ ప్లగ్గేమో నేరుగా గోడకే! కుట్టుషాపులో ఉండే నాకు ఈ సంగతి నిన్నటిదాకా తెలియదు.

నిన్న సాయంత్రం నేను ఇంట్లో ఉండగానే పిడుగు పడింది. టీవీ ఢామ్మని పొగలు కక్కింది. ఆయన పరుగున వెళ్లి బీరువా తెరిచి, "హమ్మయ్య, దీనికేం కాలేదు!" అన్నారు.

"ఏమండీ, అది ఉన్నదే పిడుగుని ఆపడానికి కదా!" అని నెత్తి కొట్టుకున్నాను.

"బావమరిది మొదటి జీతంతో కొనిచ్చాడే. దాన్ని తీసుకెళ్లి పిడుగుకి ఎదురు నిలబెడతానా?" అన్నారు.

ఫ్రిజ్‌కి కూడా ఒకటి పంపుతానన్నావు, తప్పకుండా పంపు. కానీ నువ్వు కొన్నావని మాత్రం ఆయనతో అనకు. నేను కొన్నానని చెప్తాను. అప్పుడైతే ఎంత గాలివాన వచ్చినా గోడకే వదిలేస్తారు.

మీ అక్క