ఓడలో ఇల్లు చూడబోయి

తమ్ముడు మధుసూదన్‌కు,

నువ్వు తెచ్చిన సంబంధం గురించి రాస్తున్నాను. ఇల్లు చూడకుండా మనవరాలు సౌందర్యను ఎట్లా ఇస్తాం? అబ్బాయి షికారు ఓడలో కొలువు చేస్తాడు, ఓడే ఇల్లన్నావు. అది బొంబాయి రేవులో ఆగిందంటే మా పెద్దోడు, నేను పోయి, లోపల పని జరిగే చోట్లు చూపే టికెట్ కొని చూశాము. గద్వాలలో మన మగ్గాలు చూడవచ్చినవాళ్ళకు మనమే చాయ్ పోస్తాం. అక్కడ పని చేసేవాళ్ళను చూడటానికి పైసలు కట్టాలి.

వంటిల్లు చూపారు, ఉల్లిగడ్డలు పెట్టే అర్ర చూపారు. అన్నిటికంటే కింద, బట్టలుతికే గదిలో అబ్బాయి దుప్పట్లు మడుస్తున్నాడు. ఒక్క కిటికీ లేదు. అగ్గి అంటుకుంటే ఎటు ఉరుకుతాడో అని నాకు ఒకటే గుబులు.

"సముద్రం ఏడున్నది బిడ్డా?" అన్నాను.

"గీ గోడ అవతల్నే ఉన్నదంటరు అవ్వా. నేను జూసి శానా రోజులాయె" అని నవ్వాడు.

దునియా అంతా తిరుగుతాడన్నావు గదా. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేసే మనకైనా వాకిలి కనపడుతుంది.

పండుకునే చోటు చూపమంటే, అది టికెట్‌లో లేదన్నారు. ఇల్లు చూసినట్టా, చూడనట్టా తెలియక పరేషాన్ అవుతున్నాను.

సౌందర్యకు మాత్రం ఏ రంది లేదు. "ఖాయం జేయుండ్రి. లగ్గమైనంక నేనే ఆయనకు సముద్రం జూపిస్త" అంటున్నది.

మీ అక్క