డుమస్‌లో చెక్క అరుగు

డుమస్,
4 ఏప్రిల్ 2020

ప్రియమైన భాగీరథికి,

పెండ్లయి ఇరవై రెండేండ్లయింది. నీకు ఉత్తరం రాసుడు ఇదే మొదలు. నవ్వకు. ఎన్నడూ ఒక్క ఇంట్లనే ఉంటిమి, రాసే పని పడలే. ఫోను చేద్దామంటే నీకు ఇనవడది. పక్కింటి రాజమ్మ ఎత్తి, ఇని, నీకు సైగ చేసి చెప్పాలె. ఆలుమగల మాట ఇంకొకల నోట్లకెల్లి ఎందుకని కాయిదం పట్టిన. మన పక్క బ్లాకు రాజనర్సు పాలబండికి పాసు దొరికిందట. రోజు ఇడిసి రోజు డుమస్ దాంక వస్తున్నడు. ఇది ఆయన చేతికే ఇస్తున్న. నువ్వు గూడ ఆయనకే ఇయ్యి.

వారం పని అని వచ్చి లాక్‌డౌన్‌ల ఇక్కడ ఇరుక్కపోయిన. రెండుసార్లు బయలెల్లిన. రెండుసార్లు పోలీసులు తిప్పి పంపిండ్రు. నా తోని వచ్చిన ఇద్దరు మిస్త్రీలు ఉధ్నా టేషన్ దిక్కు నడుచుకుంట పోయిండ్రు. ఇప్పుడు ఒక్కన్నే.

తిండికి రంది లేదు. పని చేయిస్తున్న భానుప్రకాశ్ సారుది ఆంధ్ర. హజీరా కంపెనీల ఇంజినీరు చేసి దిగిపోయిండు. ఆయన భార్య మీనాక్షమ్మకు మోకాళ్ళు పనిచెయ్యవు. వానకాలం నాలుగు నెలలు ఇంటి ఎనుక బురదే. ఆమె కాలు బయట పెట్టలేదు. అందుకని ఎనుక వాకిలికెల్లి సముద్రం దిక్కు పెద్ద చెక్క అరుగు కట్టమన్నరు. నేల మీద గాదు, కాళ్ళ మీద నిలవడాలె. సారు దాన్ని డెక్కు అంటడు. పాత ఓడలు ఇప్పినప్పుడు ఎల్లిన టేకు తెప్పించిండు. సామాను అంత ముందే దించిండు గనుక పని ఆగలే.

ఉప్పు గాలికి ఇనుపమేకు రెండేండ్లు ఆగది. అన్నీ స్టీలు స్క్రూలే పెడుతున్న. చెక్కకూ చెక్కకూ నడుమ పెన్సిలు పట్టేంత సందు ఇడుస్తున్న, నీళ్ళు కిందికి జారాలె గద. కాళ్ళు మట్టిల పాతలే. అడుగుకు స్టీలు తొడుగు ఏసి సిమెంటు దిమ్మె మీద నిలవెట్టిన.

బయటికి పోకు. మూతికి గుడ్డ కట్టుకో.

నీ ఇంటాయన
సోమలింగం

కోసాడ్,
17 ఏప్రిల్

డుమస్ల ఉన్న మా ఇంటాయనకు,

ప్రియమైన అని నువ్వు రాసింది రాజమ్మకు చూపెట్టిన. కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

షెడ్డు బందయింది. బట్ట నేసే సాంచాలు ఎప్పుడు నడుస్తయో సేటుకే తెల్వదట. పొద్దున అన్నం పొట్లాల కోసం నిలవడుతున్నం. సున్నాలు గీసిండ్రు, ఒక్కొక్కలం ఒక్కొక్క సున్నాల నిలవడాలె. అందరి మూతులకు గుడ్డలు. నాకు అదే కష్టమైతున్నది. మూతి కనవడకుంటే మాట పట్టుకోలేను. మొన్న వలంటీరు పిల్లగాడు ఏమో అడిగిండు. ఊకనే తల ఊపిన. ఇద్దరమున్నమా అని అడిగిండట. రెండు పొట్లాలు చేతుల పెట్టిండు. ఒకటి రాజమ్మకిచ్చిన.

నీ ఉత్తరంల చెక్క ఎక్కువున్నది, మనిషి తక్కువున్నడు. ఎట్లున్నవో రాయలే. ఏడ పండుకుంటున్నవో రాయలే. నెల దాటింది, ఒక్క అరుగు ఇంకెన్ని దినాలు కడుతవు? మా అన్న ఇల్లే గంతల కట్టిండు.

మన ఇల్లు మంచిగనే ఉన్నది. మాట్లాడేటోళ్ళు లేరు గని, నాకు మాట్లాడేటోళ్ళున్నా ఒక్కటే గద.

భాగీరథి

డుమస్,
6 మే

ప్రియమైన భాగీరథికి,

కారు షెడ్డుల మంచం ఏసిండ్రు. మంచిగ పండుకుంటున్న. సన్నవడ్డ. మీనాక్షమ్మ దినం పెరుగు పోస్తున్నది. మనిషిని రాయమన్నవు గనుక రాసిన.

పని ఎందుకు తెగలేదంటే, కట్టింది నేనే ఇప్పిన. నాలుగు వరసలు. ఇంటి గోడకు పక్క దూలాన్ని దగ్గరికి బిగించిన. బిగించినంక నిద్ర పట్టలే. గోడ తడి గుంజుతది, ఆ తడి దూలానికి పడుతది, లోపల పుచ్చుతది, మీదికి కనవడది. మల్ల ఇప్పి, రెండు వేళ్ళు పట్టేంత సందు ఇడిసి, దూలానికి వేరే కాళ్ళు పెట్టిన. కోసిన ప్రతి కొసకు మైనం, నూనె కలిపి కాచి పూసిన.

సారుకు కోపమొచ్చింది. "సోమలింగం, బాగానే ఉన్నదాన్ని విప్పుతావేంటయ్యా? కిందకి వంగి ఎవరు చూస్తారు?" అన్నడు.

"ఎవలు చూడరు సార్. చూడకనే పడిపోతది" అన్న.

ఆయనే వంగి దూలం కిందికి చూసిండు.

భాగీరథీ, నీకెరుకే నేనేం చెప్తున్ననో. పద్నాలుగేండ్లల మనం ఆ పేరు తియ్యలే. ఇయ్యాల తీస్తున్న. మన హారతి.

అమ్రోలి కిరాయి అర్రల ఆ అటక కట్టింది నేనే. సాంచాల షెడ్డుల పారేసిన చెక్క తెచ్చిన, మామూలు మేకులు కొట్టిన, దూలం కొసలు తడి గోడల దోపిన. సామాన్లకే గదా అనుకున్న. వరద నీళ్ళు ఇంట్ల నడుము దాంక వచ్చిన పొద్దు, ఐదేండ్ల పిల్లను తెచ్చి దాని మీదనే కూసోవెట్టిన. "కదలకు బిడ్డా, తాడు తెస్త" అని చెప్పి పోయిన. నేను మల్ల వచ్చేసరికి అటక గోడలకెల్లి ఊడి నీళ్ళల్ల ఉన్నది. పిల్ల దాని కింద ఉన్నది.

నీళ్ళు తీసినంక గోడ రంధ్రంల చెయ్యి పెట్టి చూసిన. దూలం కొస చేతుల పిండి లెక్క రాలింది.

నువ్వు నన్ను ఒక్క మాట అనలే. ఆ యేడే నీ చెవులు పోయినయి. బిడ్డ రందితోని పోయినయన్నరు అందరు. అది గూడ నా మీదికే అనుకున్న. నువ్వు తిట్టినా బాగుండు. ఎందుకట్ల కట్టినవ్ అని ఒక్కసారి అడిగినా బాగుండు.

ముకం ఎదురుంగ ఈ మాట అనలేకపోతి. కాయిదం మీద అంటున్న.

సోమలింగం

కోసాడ్,
15 మే

ఇంటాయనకు,

ఉత్తరం అందింది. ఆ ముచ్చట మల్ల రాయకు. నీ పని నువ్వు చేసుకో, టైముకు తిను.

కింది అంతస్తోళ్ళు నలుగురు రైలు పేర్లు రాయించుకొని సిరిసిల్లకు పోయిండ్రు. నన్ను గూడ రమ్మన్నరు. నేను పోలే. రాజమ్మకు మూడు దినాలాయె దగ్గు. కషాయం కాచి ఇచ్చిన.

భాగీరథి

డుమస్,
5 జూన్

ప్రియమైన భాగీరథికి,

మూడు వారాలాయె నీ కాయిదం లేదు. జబ్బు వచ్చిందని మన బ్లాకు చుట్టు రేకులు కొట్టిండ్రు, లోపలికి పోనియ్యరు అన్నడు రాజనర్సు. రేకుల మీదికెల్లి నువ్వు చెయ్యి ఊపినవని గూడ చెప్పిండు. నిజంగ నిన్ను చూసిండో, నేను రంది పడుతనని అన్నడో తెల్వదు.

తుపాను అని మొన్న దరిమీది ఊర్లోళ్ళను బడులల్లకు తోలిండ్రు. మేము ఇంట్లనే తలుపులేసుకొని కూసున్నం. అది ఇటు రాలే, మహారాష్ట్ర దిక్కు పోయింది గని గాలి, వాన మస్తు కొట్టినయి. తెల్లారి పోయి అరుగు కింద బోర్ల పండుకొని చూసిన. నీళ్ళు నిలవలే. ఒక్క దూలం కదలలే. మీనాక్షమ్మ కర్ర పట్టుకొని వచ్చి నడుమల కుర్సీ ఏయించుకున్నది. "ఎన్నేళ్ళయిందో ఈ గాలి పీల్చి" అన్నది.

నాకు సంబురం కాలే. ఇంత మంచిగ కట్టొచ్చిన చెయ్యే గదా నాది అనుకున్న.

కోపమొస్తే కోపమని రాయి. ఊకె ఉండకు.

సోమలింగం

కోసాడ్,
14 జూన్

ఇంటాయనకు,

రాజమ్మ పోయింది. మే ఇరవై నాలుగు నాడు అంబులెన్సు వచ్చి తీస్కపోయిండ్రు. నాలుగో నాడు పోయింది. మనిషిని చూపెట్టలే. నన్ను గూడ పద్నాలుగు దినాలు ఇంట్లనే ఉంచిండ్రు. నాకేం కాలే.

అంబులెన్సు ఎక్కేటప్పుడు ఆమె మూతి గుడ్డ కిందికి గుంజింది, నాకు కనవడాలెనని. "ఇకనన్న చెప్పు" అన్నది. ఆమెకు తెలిసింది ఇంకొకలకు తెల్వది. ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు. ఒక్కదాన్ని మొయ్యలేను.

నా చెవులు వరదతోని పోలే. అంతకు రెండేండ్ల ముందుకెల్లే పోతున్నయి. సాంచాల మోతల అందరం మూతులు చూసే మాట్లాడుకుంటం గనుక మొదలు నాకే తెల్వలే. తెలిసినంక నీకు చెప్పలే. చెప్తే నన్ను షెడ్డుకు పోనియ్యవని భయం. ఇంట్ల నీ మూతి చూసి మాట పట్టుకునేదాన్ని. హారతి పిలిస్తే ఇనవడేది గాదు. దానికి ఎట్లనో ఎరుకైంది. వచ్చి నా కొంగు గుంజేది.

ఆ పొద్దు నువ్వు తాడుకు పోయినవు. నేను వాకిట్ల నీళ్ళల్ల నిలవడి నువ్వు పోయిన దిక్కే చూస్తున్న. పిల్ల నా ఎనుక అటక మీద ఉన్నది. అమ్రోలిల గూడ మనకు మీది అర్రల ఈ రాజమ్మనే ఉండె గద. చెక్క శానసేపు పటపటమన్నదట. పిల్ల పిలిచిందట, ఒక్కసారి గాదు. రాజమ్మ గూడ మెట్ల మీదికెల్లి నన్ను గట్టిగ పిలిచిందట. నా నడుముకు నీళ్ళు కొట్టుకున్నంక తిరిగి చూసిన. అప్పటికే అటక నీళ్ళల్లున్నది. లేపబోయిన. లేవలే.

పది అడుగులు భాగీరథీ, పది అడుగులు ఎనుకకు ఏస్తే పిల్ల నా చేతులల్ల ఉండేది అని నాకు నేనే అనుకోని దినం లేదు.

"పిల్ల అంతగనం పిలిస్తే నీకెట్ల ఇనవడలే?" అని రాజమ్మ అడిగింది. కాళ్ళు పట్టుకొని నీకు చెప్పొద్దన్న. చెప్పలే, సచ్చేదాంక చెప్పలే.

వరదతోని చెవులు పోయినయని అందరంటే అవునన్న. నువ్వు నీ చెక్కను తిట్టుకుంట తిరిగినవు. పద్నాలుగేండ్లు చూసుకుంట ఊకున్న. నిన్ను తిట్టకపోతే మంచిదాన్నని అనుకున్నవు. నేను ఏ ముకంతోని తిట్టాలె?

రాకున్నా ఏమనను.

భాగీరథి

డుమస్,
27 జూన్

ప్రియమైన భాగీరథికి,

నీ కాయిదం అంది పన్నెండు దినాలాయె. జవాబు రాయలే. అబద్ధం రాయను, నాకు కోపమొచ్చింది. నీళ్ళు గూడ తాగబుద్ధి కాలే. రెండుసార్లు రాజనర్సు "జవాబు ఉన్నదా?" అని అడిగిండు, లేదని పంపిన.

ఇంకో మాట. బాటలు ఖుల్లా అయి ఇరవై దినాలాయె. పని జూన్ పదికే అయిపోయింది. మల్ల పాలిషని, మెట్లని సారుకు ఏదో చెప్పుకుంట ఇక్కడే ఉన్న. నీ కాయిదం రాకముందే ఉన్న. ఇంటికొచ్చి నీ ముకం చూడాలెనంటే భయమయింది. కోసాడ్ల ఉన్నప్పుడు గూడ పొద్దున పోయి పొద్దుగూకినంక వచ్చేటోన్ని. అది పని కోసమే అనుకున్నవా?

నిన్న మీనాక్షమ్మ అరుగు మీద కూసోని పిలిచింది. "ఇంటి నుంచి ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి అన్నం ముట్టడం లేదు. ఏం రాసింది?" అని అడిగింది.

"మా బిడ్డ సచ్చిపోయింది అమ్మా" అన్న.

"అయ్యో, ఎప్పుడు?"

"పద్నాలుగేండ్లయింది."

ఆమె కుర్సీ పక్కన కూసోమన్నది. కూసున్న. నా చేతుల పని మీద నేను కూసునుడు అదే మొదలు. అక్కడ ఏడ్చిన. హారతి పోయినప్పుడు మట్టి, శవం, దవాఖాన, కాయిదాలు అని తిరిగిన గని ఏడ్వలే. నీకు యాదికున్నదో లేదో.

ఆలోచన చేసిన. చెక్క మంచిదైతే, నీకు ఇనవడకున్నా పిల్ల బతికేది. నీకు ఇనవడితే, చెక్క పుచ్చినా బతికేది. నీ తప్పు ఏం లేదని నేను అనలేను. నువ్వు గూడ నాది లేదని అనకు. ఇద్దరం చేసినం. చెయ్యాలెనని చెయ్యలే. గింతకంటె నాకు చెప్పరాదు.

ఎల్లుండి పొద్దున పాలబండిల వస్తున్న.

వచ్చేముందుగాల ఒక్కటి అడుగుత. ఎదురుంగ అడగలేను. పిల్ల పిలిచిందని రాసినవు. ఏమని పిలిచిందో రాయలే. రాజమ్మ నీకు చెప్పే ఉంటది. నన్ను పిలిచిందా?

సోమలింగం

కోసాడ్,
28 జూన్

హారతి బాపుకు,

పిలిచింది. ముందుగాల నిన్నే పిలిచిందట, రెండుసార్లు. బాపూ, బాపూ అని. నువ్వు రాకపోయేసరికి అమ్మా అన్నదట. గంతే ఇన్నది రాజమ్మ.

నిన్ను పిలిచిన మాట గూడ నేనే దాచిపెట్టుకున్న. నీకు ఇయ్యాల్సింది ఇన్నేండ్లు ఇయ్యలే.

ఇంటికి రా. నా ఎదురుంగ కూసోని, మూతికి గుడ్డ తీసి, దాని ముచ్చట్లు నాకు చెప్పు. అది కథలు చెప్పేదట గద, పాటలు పాడేదట గద. ఆఖరి రెండేండ్లు నేను ఇనలే. నువ్వు ఇన్నవు.

భాగీరథి