బుడగలో పట్టే మాట

3 ఫిబ్రవరి 1997, సోమవారం

షాపులో బేరాలు లేవు. లెక్క రాయడానికి ఏమీ లేక ఇది రాస్తున్నాను.

చెల్లెలు సత్యకుమారి, దాని కూతురు వీరదుర్గ రాజమండ్రిలో మా ఇంటికి వచ్చి నెల కావస్తోంది. బావ బుల్లబ్బాయి నవంబరు తుఫానుకు ముందు చేపల వేటకు వెళ్ళాడు. పడవ రాలేదు, మనిషి రాలేదు. పేపర్లో గల్లంతు అని వేశారు. ఆ మాటను ఎవరికి కావలసిన వైపు వాళ్ళు లాక్కోవచ్చు. చెల్లెలు ఇంకా గాజులు తీయలేదు.

వీరదుర్గకు పదకొండేళ్ళు. ఇక్కడి స్కూల్లో వేస్తే రెండు రోజులు వెళ్ళి మానేసింది. పొద్దున్నే నాతో షాపుకు వచ్చి, మూలనున్న ఇంగ్లీషు కామిక్స్ కట్ట ముందు కూర్చుంటుంది. అవి మద్రాసు నుంచి పాత పుస్తకాల మూటల్లో వచ్చినవి. ముసుగులు వేసుకుని మేడల మీంచి దూకేవాళ్ళ కథలు. కాలేజీ పిల్లలు అద్దెకు తీసుకెళ్తారు. దీనికి ఇంగ్లీషు రాదు, బొమ్మలు చూస్తుంది. ఎవరితోనూ మాట్లాడదు. అలాంటిది ఈ రోజు నోరు తెరిచి, మావయ్యా, ఈ నీలం ముసుగోడు ఎందుకేడుస్తున్నాడు అని అడిగింది.

నాకు చెప్పడం రాదు. రాసిస్తానన్నాను.

5 ఫిబ్రవరి

తెల్ల కాగితం మాటల బుడగ ఆకారంలో కత్తిరించి, తెలుగులో రాసి, మైదా జిగురుతో ఇంగ్లీషు మాటల మీద అంటిస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు ఈ షాపులోనే, అమ్ముడుపోని పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాను. పక్కన డిక్షనరీ ఉంది. కష్టమంతా చోటుతోనే. బుడగ చిన్నది, తెలుగు పొడుగు.

ముసుగోడి తండ్రి ఓడ నడిపేవాడట. ఐ లాస్ట్ మై ఫాదర్ టు ద సీ అంటాడు ముసుగోడు, వానలో మేడ మీద నిలబడి. లాస్ట్ అంటే పోగొట్టుకొను, తప్పిపోవు అని ఉంది. ‘మా నాన్న సముద్రంలో తప్పిపోయాడు’ అని రాసి అంటించాను.

వీరదుర్గ అది చదివి, జిగురు ఆరేదాకా వేలితో నొక్కి పట్టుకుంది.

9 ఫిబ్రవరి, ఆదివారం

బావ తండ్రి ముసలయ్య ఊరి నుంచి వచ్చాడు. ఎండు చేపలు తెచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు, అరుగు మీదే కూర్చున్నాడు.

దొరబాబూ, సముద్రం ఎవర్నీ ప్రాణాలతో ఉంచుకోదురా, ఇచ్చేదైతే మూడో రోజుకే ఒడ్డుకిచ్చేసేది అన్నాడు. మనిషి దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి, ఆ బొమ్మకే నిప్పు పెట్టి కర్మ చేస్తారు మావాళ్ళలో. తనే చేస్తానన్నాడు. ఆడు దాహంతో తిరుగుతున్నాడు, ఎన్నాళ్ళు తిప్పుతారు ఆడ్ని అన్నాడు.

సత్యకుమారి తలుపు వెనక నుంచి, పిల్ల ఊఁ అంటేనే మావయ్యా అంది.

పిల్ల ఊఁ అనలేదు. మా నాన్న తప్పిపోయాడు తాతా, తప్పిపోయినోళ్ళకి నిప్పెడతారా ఎవరైనా అంది.

ముసలయ్య నా వైపు చూశాడు. నేను టీ తేవడానికి లేచాను. 

14 ఫిబ్రవరి

ఈ కామిక్స్ రాసేవాళ్ళు చావు ఇంటికి వెళ్ళారో లేదో నాకు అనుమానం. తండ్రి పోయాడంటే ఒక్క బొమ్మ. నల్ల గొడుగులు, వాన, సమాధి రాయి. పేజీ తిప్పేసరికి కొడుకు ముసుగు కట్టేసి వీధుల్లో దొంగల దవడలు పగలగొడుతుంటాడు. దుఃఖం వాడికి కండలు తెచ్చిపెట్టింది. మా చెల్లెలికి ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియకుండా చేసింది. నిన్న కూడా దాని ఎదురుగానే ఉంది, వెతుకుతోంది.

పక్కింటివాళ్ళు అన్నం తెచ్చే బొమ్మ లేదు. వచ్చిన ప్రతివాళ్ళూ ఎలా జరిగిందమ్మా అని మొదట్నుంచీ చెప్పించుకునే బొమ్మ లేదు. వాడి తల్లి ఏమైందో ఏ పుస్తకంలోనూ లేదు. అసలు వాడు ఎప్పుడు తింటాడు?

అయినా అంటిస్తూనే ఉన్నాను. పిల్ల నాతో మాట్లాడేది అంటించేటప్పుడే.

17 ఫిబ్రవరి, మధ్యాహ్నం

ఈ రోజు అంటించిన పుస్తకంలో ఒక పేజీకి మాటలే లేవు. ముసుగోడు ఇంట్లో ఉన్నాడు. ముసుగు లేదు. తండ్రి చెప్పులు తలుపు దగ్గర ఉన్నాయి. వాటిని లోపల పెడతాడు. మళ్ళీ తెచ్చి తలుపు దగ్గరే పెడతాడు. అంతే.

ఇది గీసినవాడికి తెలుసు.

అంటించడానికి ఏమీ లేదు, పేజీ తిప్పబోయాను. ఉండు మావయ్యా అని నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో, ఏడిస్తే బాగుండు అనుకున్నాను. ఏడవలేదు. ఈడు మంచోడే అంది.

22 ఫిబ్రవరి

చెడగొట్టారు. తర్వాతి పుస్తకంలో ముసుగోడి తండ్రి తిరిగొచ్చాడు. ఏదో దీవిలో ఉన్నాడట, జ్ఞాపకం పోయిందట. షాపు నడిపేవాణ్ణి కాబట్టి అర్థమైంది. ఎవడైనా తిరిగొస్తేనే తర్వాతి నెల పుస్తకం అమ్ముడవుతుంది.

వీరదుర్గ మాత్రం ఎగిరి గంతేసింది. నవంబరు తర్వాత అది గంతెయ్యడం ఇదే మొదటిసారి చూడటం. చెప్పానా మావయ్యా, తప్పిపోయాడంతే అంది. ఇంటికి పరుగెత్తి వాళ్ళమ్మకు చూపించింది. చెల్లెలు స్టవ్ ఆపేసి ఆ పుస్తకం మొత్తం చదివింది.

26 ఫిబ్రవరి

వీరదుర్గ కత్తెర, జిగురు అడిగింది. బొమ్మలు అంటించుకుంటుంది కాబోలు, ఇచ్చాను.

3 మార్చి, సోమవారం

దేవకుమారి గారు వచ్చారు. కాలేజీలో ఇంగ్లీషు చెబుతారు, కొడుకు కోసం కామిక్స్ అద్దెకు తీసుకెళ్తారు. పుస్తకం బల్ల మీద పెట్టి నవ్వు ఆపుకోలేకపోయారు. దొరబాబు గారూ, తెలుగు చాలా బాగుందండి, కానీ ఇక్కడ లాస్ట్ అంటే ఆయన చనిపోయాడనండి, మీరేమో పాపం వాళ్ళ నాన్నని తీర్థంలో వదిలేసినట్టు తప్పిపోయాడని రాశారేంటండీ అన్నారు.

నేనూ నవ్వాను. నవ్వుతుండగా ముసలయ్య ముందు పిల్ల అన్న మాట గుర్తొచ్చింది. అది నా మాటే.

ఇంకోటండి, ఈ బుల్లబ్బాయి ఎవరండి, మీ జోకా అని చివరి పేజీ తీశారు. ముసుగోడు మేడ మీద నిలబడి ఊరంతటికీ చెబుతున్నాడు. బుడగ మీద కొత్త కాగితం. రాత నాది కాదు. ‘మా నాన్న పేరు బుల్లబ్బాయి. తప్పిపోయాడు. ఎడమ చెయ్యి మీద పడవ పచ్చబొట్టు. మీరు చూశారా?’

 పిల్లల ఆటండి అన్నాను. కట్ట విప్పి చూశాను. ఉన్నవాటన్నిటిలో అతికించింది. బయటికి వెళ్ళినవాటిలో ఎన్నిట్లో ఉందో తెలియదు. రాజమండ్రిలో ఎన్ని ఇళ్ళలో ఆ నీలం ముసుగోడు నిలబడి మా బావని అడుగుతున్నాడో.

పిల్లకు చెప్పాలి. రేపు చెబుతాను.

4 మార్చి

చెప్పలేదు.

5 మార్చి

అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు మొదలుపెట్టాను. దుర్గా, ఆ లాస్ట్ అనే మాట, అన్నాను. ఏంటి మావయ్యా అంది. మజ్జిగ పొయ్యమన్నాను.

6 మార్చి, గురువారం, సాయంత్రం

తిరిగొచ్చిన ఒక పుస్తకంలో ఎవడో జవాబు రాశాడు. బాల్‌పెన్నుతో, వీరదుర్గ అంటించిన కాగితం కిందే. ‘చూశాను. యానాం బ్రాందీ షాపు దగ్గర పడి ఉన్నాడు. వచ్చి తీసుకెళ్ళండి.’

నేను చూసేలోపే అది చూసి ఇంటికి పరుగెత్తింది. ఇంటికి వెళ్ళేసరికి సత్యకుమారి కొత్త చీర కట్టుకుంటోంది. అన్నయ్యా, యానానికి బస్సెప్పుడు అంది. అది ఎవడో ఎకసెక్కం కోసం రాశాడమ్మా అన్నాను. అయ్యుండొచ్చు, పోనీ వెళ్ళొద్దాం, మీ బావ తాగడం కూడా కొత్తేం కాదుగా అంది. నవ్వుతోంది. తాగుబోతువై పడున్నా చాలు, రా అన్నట్టుంది ఆ నవ్వు.

శనివారం తీసుకెళ్తానన్నాను. వద్దు అనడానికి మాట ఒకటి కావాలి. ఆ మాట నా దగ్గర ఉంది. బయటికి రాదు.

8 మార్చి, శనివారం

రామచంద్రపురం మీదుగా వెళ్ళాం. వీరదుర్గ కిటికీ పక్కన కూర్చుని, నాన్నకి జ్ఞాపకం లేకపోతే ముందు నన్ను పంపండి, నన్ను చూస్తే గుర్తొస్తుంది అని దారంతా చెబుతూనే ఉంది. చెల్లెలు తల ఊపుతూనే ఉంది.

మొదటి బ్రాందీ షాపువాడు ఫొటో చేతిలోకే తీసుకోలేదు. ఏ బుల్లబ్బాయండి బాబూ, మీ వైపు నుంచి బస్సుకో బుల్లబ్బాయి దిగుతాడు, వెళ్ళేటప్పుడు ఎవడి పేరు వాడికే గుర్తుండదు అన్నాడు. తాగేవాళ్ళు నవ్వారు. పిల్లకు అది మంచి కబురులా వినిపించింది. చూశావా, ఇక్కడ పేర్లు మర్చిపోతారంట అంది వాళ్ళమ్మతో.

ఇంకో షాపులో ఎవడో చూసినట్టే ఉందన్నాడు, మందు పోయిస్తే చెప్తానన్నాడు. చెల్లెలు కొంగు ముడి విప్పబోయింది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

ఏటిగట్టు వైపు చివరి షాపులో ఒక పెద్దాయన. ఫొటో వెలుతురులో పెట్టి చూశాడు. చెల్లెలి గాజులు చూశాడు, పిల్లను చూశాడు. చాలా మెల్లగా, తుఫానుకా అమ్మా అన్నాడు.

సత్యకుమారి అవునంది. నాలుగు నెలల్లో అది అవును అనడం నేను వినలేదు. ఆయన ఇంకేమీ అడగలేదు. లోపలికి రండి, ఎండగా ఉంది, సోడా తాగండి అన్నాడు. మా వైపూ చాలామంది పోయారమ్మా అన్నాడు. పోయారు అన్నాడు. అంత సులువుగా.

సోడా తాగలేదు. గట్టు మీదికి వచ్చి కూర్చున్నాం. వీరదుర్గ ఇంకా ఏ షాపులు మిగిలాయో అడుగుతోంది. అప్పుడు చెప్పాను. దుర్గా, మీ నాన్న పోయాడమ్మా, ఆ పుస్తకంలో కూడా పోయాడనే ఉంది, నేనే తప్పు రాశాను అన్నాను.

అది నా ముఖంలోకి చూసింది. మరి అలాగే రాయొచ్చుగా మావయ్యా, పోయాడు అని, చిన్న మాటే కదా, బుడగలో పట్టేదిగా అంది.

 నాకు ఇంగ్లీషు రాకపోవడమే కారణమైతే బాగుండేది. డిక్షనరీలో మొదటి అర్థం పోగొట్టుకొను. నేను రెండోది తీసుకున్నాను.

సత్యకుమారి గట్టు మీద కూర్చుని గట్టిగా ఏడ్చింది. పడవలవాళ్ళు చూస్తూ నిలబడ్డారు. ఎవరూ దగ్గరికి రాలేదు, ఎవరూ వెళ్ళిపోలేదు.

9 మార్చి

పిల్ల నాతో మాట్లాడటం లేదు. అన్నం తిన్నది.

12 మార్చి, బుధవారం

పొద్దున షాపు తీసేసరికి వెనకే వచ్చింది. తండ్రి తిరిగొచ్చిన పుస్తకం తీసి నా ముందు పడేసింది. పోయాడన్నావుగా, మరి ఈడెలా తిరిగొచ్చాడు అంది.

గీసేవాళ్ళు తిరిగి గీశారమ్మా, వాళ్ళిష్టం అన్నాను.

అలా ఎలా గీసేస్తారు, మరి ముందు పుస్తకంలో ఆడు ఏడ్చిన ఏడుపంతా ఏమైపోవాలి, చెప్పులు తీసి పెట్టి తీసి పెట్టి, అదంతా ఉత్తినే చేశాడా అంది. గొంతు పెంచింది. పుస్తకాలు కొనడానికి వచ్చినాయన వెనక్కి తగ్గి నిలబడ్డాడు. గీసేవాళ్ళకి సిగ్గుండాలి అంది. అప్పుడు వచ్చింది ఏడుపు. పుస్తకాల మూటల మీద పడి, ముక్కు కారుతూ, ఏ బొమ్మలోనూ లేనంత వికారంగా ఏడ్చింది.

నేను పక్కన కూర్చున్నాను. వీపు మీద చెయ్యి వెయ్యాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. చివరికి వేశాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు, తాతకి కబురు పంపు మావయ్యా అంది.

27 మార్చి, గురువారం

బావ వాళ్ళ ఊళ్ళో, సముద్రం ఒడ్డున కర్మ జరిగింది. ముసలయ్య ఒక్కడే దర్భలు కట్టలేకపోతే వీరదుర్గ వెళ్ళి తాడు పట్టుకుంది. నాన్న ఇంకొంచెం పొడుగు తాతా అంది. ముసలయ్య విప్పేసి మళ్ళీ కట్టాడు. చెల్లెలి గాజులు తీసినప్పుడు నేను అటు చూడలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పిల్ల నిద్రపోయింది. ఈ నాలుగు నెలల్లో అది పగలు నిద్రపోవడం ఎవరూ చూడలేదంది సత్యకుమారి.

7 ఏప్రిల్

బేరాలు బాగున్నాయి. వీరదుర్గ స్కూలుకు వెళ్ళింది. ఎవరితోనో కొట్లాడి వచ్చింది.

19 ఏప్రిల్, శనివారం, సాయంత్రం

మెట్ల మీద పక్కింటి పిల్లతో వీరదుర్గ చెబుతుంటే విన్నాను. మా నాన్న ఈల ఎంత బాగా వేసేవాడనుకున్నావ్ అని. వేస్తాడు అనలేదు.

లోపల వంటింట్లో చెల్లెలు ఈల వెయ్యడానికి చూస్తోంది. రావడం లేదు. గాలి వస్తోంది.